మంచం, మేజా, సందుగ

"బావా, పిల్ల పెండ్లికి ఆరు వారాలే ఉన్నయి. సామాను తీసుకోవాలె. నువ్వు రాకపోతే కాదు" అని మా బావ ఫోను చేసిననాడు నేను హైదరాబాదులో మా వరండాలో పడక కుర్చీ మీద వాలి ఉన్నాను. ఆ కుర్చీ కొని ముప్ఫయి ఏళ్లయింది. కొన్ననాడు దాని నగిషీలు చూశానే గాని మా ఇంటి గుమ్మం వెడల్పు చూడలేదు. పాపం, అది లోపలికి పట్టక ఆనాటినుంచీ వరండాలోనే కాపరం పెట్టింది. ఇంతటి తెలివిగలవాణ్ణి సలహాకు పిలిచిన మా బావ మంచితనానికి సంతోషించి, మర్నాడే జనగామ రైలెక్కాను.

సామాను అంటే తెలియనివారికోసం ఒక్క మాట. మా వైపు పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు మంచం, పరుపు, బీరువా, అద్దం బల్ల, గిన్నెలు, బిందెలు వెంట పంపుతారు. ఇప్పుడు వాటికి సోఫా, భోజనాల మేజా కూడా తోడయ్యాయి. కట్నం కూడదని 1961లోనే చట్టం వచ్చింది. అయినా "మా పిల్లకు మేం పెట్టుకుంటున్నం" అన్న మాట చాటున సామాను మాత్రం ట్రాక్టరెక్కి పోతూనే ఉంది. ఆ ట్రాక్టరును ఊరంతా చూస్తుంది. అందుకే సామాను కొనే తండ్రి కళ్లకు పిల్ల కాపరముండే ఇల్లు కనపడదు. వీధి అరుగుల మీద నిలబడి చూసే ఊరే కనపడుతుంది.

మా బావది జనగామ దగ్గర పల్లె. మూడెకరాల చల్క, రెండు బర్రెలు ఆయన ఆస్తి. మా మేనకోడలు భూపాలపల్లిలో నర్సు. పెండ్లికొడుకు అక్కడే బొగ్గుబావిలో పని చేస్తాడు. నడుమ మానుకోటలో మా బావకు బాల్యస్నేహితుడైన వడ్లాయన ఒకడున్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే. కాగితాల మీద ఏ పేరున్నా జనం నోట ఇంకా పాత పేరే పలుకుతుంది. ఈ మూడు ఊళ్లూ 2016 అక్టోబరు 11 దాకా ఒక్క ఓరుగల్లు జిల్లాలోవే. ఆనాడు మూడు జిల్లాలకు మూడు ముఖ్యపట్టణాలైనాయి. కాని చుట్టరికాలకు జిల్లాల హద్దులేమిటి? మేము మూడు ఊళ్లూ తిరిగాము.

జనగామ దుకాణంలో

జనగామ హైదరాబాదు నుంచి ఓరుగల్లు పోయే రైలుదారిలోనూ, పెద్ద రోడ్డు మీదా ఉన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల పెళ్లి బజారంతా అక్కడే. మేము ముగ్గురం ఒక అద్దాల దుకాణంలోకి అడుగు పెట్టగానే గుమాస్తా మా బావను "రండి, సేటు" అన్నాడు. అరవయ్యేళ్ల జీవితంలో ఆయన్ని సేటు అన్నవాడు వేరే లేడు. సగం బేరం అక్కడే అయిపోయింది.

"ఇది సెట్టండీ. డబుల్ కాట్, మూడు తలుపుల బీరువా, డ్రెస్సింగ్ టేబులు, సోఫా, ఆరు కుర్చీల డైనింగు. విడిగా ఇవ్వం. మొత్తం రెండు లక్షల పది వేలు."

మంచం తలవైపున నెమలి రెక్కలు, మధ్యన అద్దం; అడుగున బట్టలు దాచుకునే పెట్టె. మా బావ దాని మీద చెయ్యి వేసి, గుడిలో గంట తాకినట్టు మెల్లగా తీశాడు. బయానాకని నడుము దగ్గరి సంచి విప్పబోతుండగా మేనకోడలు నా చెవిలో "మామా, మంచం వెనకకు రా" అన్నది.

వెనక చూద్దును గదా, నెమలీ లేదు, మెరుగూ లేదు. చెక్కపొట్టును జిగురుతో కలిపి ఒత్తిన పలక మీద కలపరంగు కాగితం అంటించి ఉంది. ఆ పలకలన్నీ చెడ్డవని నేననను. గోడకు బిగించి కదల్చకుండా, తడి తగలకుండా ఉంచితే కొన్నేళ్లు నడుస్తాయి. కాని అద్దె ఇళ్లు మారేవారికి అవి పనికిరావు. ఒకసారి విప్పి బిగిస్తే మర మునుపటి పట్టు పట్టదు. నేల కడిగిన నీళ్లు అంచుకు తగిలితే అటుకులు నానినట్టు ఉబ్బుతుంది.

"నాయినా, ఇల్లు చూడకుండ ఎట్ల కొంటం?" అన్నది పిల్ల.

"ఇల్లు చూసుడేంది? మంచం పట్టని ఇల్లుంటదా?" అన్నాడు మా బావ. ఆయన ముఖం చిన్నబోయింది. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "ఎకరం బేరం పెట్టిన బావా. పిల్లకు చెప్పకు" అన్నాడు.

మూడెకరాలలో ఒక ఎకరం, ఒక నెమలి మంచానికి! నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి చెప్పిన మాట

ఆ రాత్రి వాకిట్లో నులక మంచాల మీద పడుకున్నాము. నాకు నిద్ర పట్టక, మా అక్క కాపరానికి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో ఏమేమి ఉండేవో లెక్క పెట్టుకున్నాను. వడ్లకు గుమ్మి, పాలు పెరుగులకు ఉట్టి, దీపానికీ దువ్వెనకూ గోడలో గూళ్లు, బట్టలకు సందుగ, తినడానికి పీట, పడుకోవడానికి నులక మంచం. అంతే. పొద్దున మంచాన్ని లేపి గోడకు ఆనించేవారు. తిన్నాక పీటను గోడకు చేరవేసేవారు. అంచేత ఉన్న ఒక్క గదే పడకగదీ, భోజనశాలా, పిల్లలు ఆడుకునే చోటూ అయ్యేది. పాత సామాను పని కాగానే పక్కకు జరిగేది. కొత్త సామాను అలా కాదు, పెట్టినచోటునుంచి జరగదు, జరగవలసినవాళ్లం మనమే. దాన్ని ఎంచుకోవడం కష్టమైంది అందుకే.

"నిద్ర పోలేదా?" అన్నాడు మా బావ చీకట్లోనుంచి. "నువ్వు నన్ను పిచ్చోడనుకుంటున్నవు. మా నాయిన సంగతి నీకెరుకనా?"

ఆయన తండ్రి నిజాము కాలంలో పిల్లవాడు. ఆ రోజుల్లో దొర వీధిలో పోతుంటే మంచం మీద ఉన్నవాడు దిగి, చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ఒక మధ్యాహ్నం ఆయన తాత జ్వరంతో అరుగు ముందర మంచంలో పడి ఉన్నాడట. లేవలేకపోయాడు. గడి మనుషులు వచ్చి ఆ మంచాన్ని వీధిలో విరగ్గొట్టి పోయారట.

"ఆ కోళ్లు పొయిల పెట్టుకున్నమని మా నాయిన చెప్పేటోడు. ఆయన బతికినన్ని దినాలు కుర్చీ మీద సరిగ్గ కూసోలే. అంచుకు కూసునేటోడు, ఎవరో లేపుతరన్నట్టు. నా బిడ్డ మేజా మీద తినాలె, కుర్చీల వెనకకు వాలి కూసోవాలె. ఊరు చూడాలె. ఇంతే బావా."

జనగామ ప్రాంతం చరిత్ర తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగింది ఈ నేలమీదనే. పాలకుర్తిలో ఐలమ్మ తన పంటకోసం నిలబడింది ఈ నేలమీదనే. భూమికోసం జరిగిన పోరాటాన్ని గురించి చదువుకున్నాము గాని, మంచం మీద కూర్చునే హక్కు కూడా అందులో ఉందని నాకు ఆ రాత్రి తట్టింది. పొద్దున దుకాణంలో బావ ముఖం చూసి డాంబికమనుకున్నందుకు సిగ్గుపడ్డాను. కాని అదే తాత సాగుచేసిన చల్కలో ఎకరం అమ్మి మంచం కొంటే ఆయన ఆత్మ సంతోషిస్తుందా? ఇదీ తేలవలసిన చిక్కు.

మానుకోట వడ్లాయన

మర్నాడు బస్సులో పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోట చేరాము. పాలకుర్తి సోమనాథుడి ఊరు. దాని పక్కనే పోతన గారి బమ్మెర. ఎర్రనేలలు, గుట్టలు, చెరువులు, తాటివనాలు. మానుకోటలో మాను ఉన్నందుకు కాబోలు, రంపం చప్పుడు మాకు వీధి మొదట్లోనే ఎదురొచ్చింది.

వడ్లాయన మా మాటంతా విని, చిత్రిక పక్కన పెట్టి, నా చేతికి రెండు చెక్కముక్కలిచ్చాడు. "సారూ, ఏది మంచిది?" రెండూ టేకే. ఒకటి తేనెరంగు, ఒకటి పాలిపోయింది. "ఇది చేవ, అది తెల్లకట్టె. ఒక్క చెట్టుదే. చేవల నూనె ఉంటది, చెద దగ్గరికి రాదు. తెల్లకట్టెల పిండి ఉంటది, పురుగుకు బువ్వ. దుకాణపోడు టేకు అంటే టేకే, అబద్ధం గాదు. ఏ టేకని మీరే అడగాలె."

ఆయన దగ్గర ఒక పూటలో నేర్చుకున్నది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. సొరుగు కొనేటప్పుడు ముందర పిడి చూడవద్దు. బయటికి లాగి అడుగు పలక చూడండి. కుర్చీని నున్నటి నేలమీద పెట్టి మూలకు ఒత్తండి, ఊగితే వద్దు. కాలూ పట్టీ కలిసేచోట కుసి తొలిచి దిగేశారా, లేక మేకుతో సరిపెట్టారా చూడండి. మేకు వదులైతే ఇంకో మేకు కొట్టాలి. కుసి వదులైతే జిగురూ, చీలా పెట్టి మళ్లీ బిగించవచ్చు. అన్నిటికీ టేకే అక్కరలేదు. మేజా కాళ్లకు నల్లమద్ది బరువుకు ఆగుతుంది. కుర్చీలకు ఎండిన వేప చాలు. దాని చేదు పురుగుకు పడదు.

"మా గట్టు మీద టేకుచెట్టు ఉన్నది. కొడితే?" అన్నాడు మా బావ.

వడ్లాయన నవ్వాడు. "కొట్టాలంటె ముందుగాల అనుమతి కావాలె. అనుమతి వచ్చినా ఆరువారాల్ల కట్టె ఆరుతదా? ఇంచు మందానికి ఏడాదని మా తాత లెక్క. పచ్చికట్టెతోటి మంచం చేస్తె ఎండకాలం పగుల్తది, వానకాలం సొరుగు పట్టుకుంటది." ఆ మాట నిజమే. చెట్టు సొంతమైనా కొట్టడానికి అనుమతి ఉండాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్టు చట్టం ఉంది. కలప ఊరు దాటాలంటే అటవీశాఖ రవాణా చీటీ ఉంది. అడవి దగ్గరి ఊళ్లలో చవకగా వస్తుందని చీకటిబేరం చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అంతలో ఆయనే అడిగాడు: "మీ పాత అర్ర కూలగొట్టినప్పటి దూలాలేమైనయి?"

"బర్ల కొట్టంల పడి ఉన్నయి."

"అరవయ్యేండ్లు మీ నెత్తి మీద ఆరిన టేకు! దానికంటె ఎండిన కట్టె ఏ దుకాణంల దొరుకుతది? ముందు ఇల్లు కొలిచి రాండ్రి" అంటూ తన టేపు మా మేనకోడలి చేతిలో పెట్టాడు.

భూపాలపల్లిలో సుద్దముక్క

మొదట చేయవలసిన పనికి చివర బయలుదేరాము. మానుకోటనుంచి ఓరుగల్లుకు రైలు. హనుమకొండలో బస్సెక్కి పరకాల, రేగొండ దాటితే దారి మారిపోతుంది. చెల్పూరు దగ్గర విద్యుత్కేంద్రం గొట్టాలు ఆకాశానికి పొగ వదులుతుంటాయి. ఆ వెనక భూపాలపల్లి. నేల కింద బొగ్గు, నేల మీద టేకు. ఆ అడవి అలాగే ఉత్తరానికి మహాదేవపూరు, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం దాకా సాగుతుంది. సింగరేణి బావులు వచ్చాక పెరిగిన ఊరు గనుక పొద్దూ రాత్రీ అనే తేడా అక్కడ తక్కువ. ఒక షిఫ్టు నిద్ర లేచేసరికి ఇంకొక షిఫ్టు పడుకోబోతుంది.

పెండ్లికి ముందే పిల్ల అత్తవారి గడప తొక్కవచ్చునా అని మా బావ వెనుకాడాడు. కాని వియ్యపురాలే "వంట చేసుకునేది అది, కొలుచుకునేది మీరా? తోలుకరాండ్రి" అని కబురు చేసింది. మేడమీద రెండు గదుల అద్దె ఇల్లు. మెట్లు రెండడుగుల ఎనిమిది అంగుళాలు, పైగా సగంలో మలుపు. నెమలి మంచం ఆ మలుపు తిరగాలంటే నెమలిలాగే ఎగరవలసిందే!

మేము వెళ్లేసరికి పెండ్లికొడుకు రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నాడు. అందరం గుసగుసలాడుకుంటూ ముందుగది కొలిచాము: పన్నెండడుగులు పది. మేనకోడలు సుద్దముక్క తీసి నేలమీద మేజా గీసింది, కుర్చీలు గీసింది. దుకాణంలోని ఆరు కుర్చీల మేజా మూడడుగుల వెడల్పు. కూర్చున్నవాడు కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి ఒక్కొక్క వైపు రెండున్నర అడుగులు కావాలి. వెరసి ఎనిమిది. పదడుగుల గదిలో మిగిలింది రెండు. ఆ రెండడుగులలో సోఫా, బీరువా, మనుషులు!

ఆమె అది చెరిపేసి, నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు మేజాను గోడకు ఆనించి గీసింది. ఐదడుగుల్లో సరిపోయింది. "చుట్టాలొచ్చిననాడు నడుమకు జరిపితె నలుగురు, అయిదుగురు తింటరు" అన్నది.

"అసలు మేజా ఎందుకు బిడ్డా, నాకోసమా?" అన్నది వియ్యపురాలు. "మోకాళ్లు పట్టుకపోయినయి. కింద కూసుంటె లేవలేను. ఇప్పుడు మంచం మీదనే కంచం పెట్టుకుంటున్న, దిష్టిదాని లెక్క."

"మీకోసమే అత్తమ్మా" అన్నది మా పిల్ల. "ఆయనకు పొద్దున, నాకు రాత్రి డ్యూటీ పడితె మేం కలిసి తినేది వారానికి ఎన్నిసార్లు? మీరు రోజూ తింటరు. నేను అమ్మతోటి పీట మీద తిననా?"

మా బావ కిటికీ వైపు తిరిగాడు.

మూడింటికి పెండ్లికొడుకు లేచి, కళ్లు నులుముకుంటూ వచ్చి గది మధ్యన నిలబడ్డాడు. "అరే, మేజా తొక్కుతున్నవురా!" అని తల్లి అరిచింది. అతను ఉలిక్కిపడి సుద్దగీత దాటి, జాగ్రత్తగా ఒక సుద్దకుర్చీ పక్కన నిలబడ్డాడు. అందరం నవ్వాము. ఆ తరువాత పడకగది కొలిచాము: పదికి పది. ఆరడుగుల మంచం వేసి, రెండడుగుల లోతు బీరువా పెడితే మిగిలేది రెండడుగులు. తలుపు తెరిస్తే మనిషి మంచమెక్కి నిలబడాలి. ఐదడుగుల మంచమైతే ఒక అడుగు కలిసివస్తుంది. అప్పుడు మేనకోడలు మా ఎవరికీ తట్టని మాట అన్నది: "ఆయన పగలు పండుకుంటరు. ఇనుప బీరువా తలుపు తీస్తె చప్పుడైతది. బీరువా ముందుగదిలనే ఉండాలె."

గోద్రెజ్ వారు 1923లో ఇనుప బీరువాలు మొదలుపెట్టినప్పటినుంచీ మన దేశంలో అది పడకగది వస్తువే. ఎందుకుండాలని అడిగినవారిని నేను అదే చూడడం. అలాగే సోఫా కూడా ఎగిరిపోయింది. ముందుగదిలో అత్తగారి మంచమే పగలు కూర్చునే చోటు. అద్దం బల్లకు బదులు గోడకు నిలువుటద్దం. కొలతలన్నీ మందుచీటీ వెనక రాసుకుని తిరిగి వచ్చాము.

చివరి లెక్క

మా బావ కొట్టంలోని దూలాలు మానుకోటకు ట్రాక్టరెక్కాయి; ఇంటి పాత కలపకు కూడా కాగితం ఉండడం మంచిదని ముందే అడిగి రాయించుకున్నాము. అవి నాలుగు ముక్కలుగా విడిపోయే మంచమై తిరిగివచ్చాయి. మెట్ల మలుపులో ఒక్క గీత పడకుండా పైకెక్కాయి. నల్లమద్ది కాళ్ల మేజా ముప్ఫయి అంగుళాల ఎత్తు, నాలుగు వేప కుర్చీలు పద్ధెనిమిది. ఆ పన్నెండంగుళాల తేడా ఉంటే చెయ్యి కంచానికి సుఖంగా అందుతుందన్నాడు వడ్లాయన. బీరువా, పరుపు భూపాలపల్లిలోనే కొన్నాము. మేడమీదికి చేర్చే బాధ్యత దుకాణందారే తీసుకున్నాడు.

సందుగ సంగతి చెప్పలేదు గదూ. మా అక్క పుట్టింటినుంచి తెచ్చుకున్నదది; మూలలు అరిగి కొట్టంలోనే పడి ఉంది. జనగామకు ఆనుకుని ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పేరుపొందింది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, సన్నటి ఉలులతో పూలూ లతలూ కొట్టే పని అది. అక్కడి పనివారి చేత నాలుగు మూలలకు ఇత్తడి తొడుగులు చేయించాము. శాలువాలు, దుప్పట్లు, పట్టుచీరలు దానిలో ఇమిడాయి. ట్రాక్టరు మీద ఊరు ఎక్కువగా చూసింది ఆ సందుగనే.

చేతికూలీ, కలప, బీరువా, పరుపు, సందుగ, అన్నీ కలిసి ఎనభైవేలు దాటలేదు. ఎకరం ఎకరంగానే ఉంది.

పెండ్లయిన నెలకు మా బావా నేనూ భూపాలపల్లి వెళ్లాము. పిల్ల మేజా మీద నాలుగు కంచాలు పెట్టింది. వియ్యపురాలు కుర్చీ లాక్కుని కూర్చున్నది. మా బావ అంచుమీదనే కూర్చున్నాడు, వాళ్ల నాయినలాగే. పప్పు వడ్డిస్తూ మేనకోడలు, "నాయినా, వెనకకు వాలు. ఆ కుర్చీ గట్టిది" అన్నది.

ఆయన వాలాడు. కుర్చీ చప్పుడు చెయ్యలేదు.

ఇంటికి రాగానే నేను టేపు తీసి మా గుమ్మం కొలిచాను. పడక కుర్చీకి రెండంగుళాలు తక్కువ. ముప్ఫయి ఏళ్లకైనా తెలిసింది గదా!